పాత పడవకు కొత్త కుట్టు

పాతవాటి విలువ ఆడవాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. పట్టుచీర చివికిపోతే అంచు విప్పి ఇంకో చీరకు వేసుకుంటాం. నూలు చీరలు నాలుగు పోగైతే మడతలు పెట్టి బొంత కుట్టిస్తాం. ఇక దేనికీ పనికిరాదనుకున్నప్పుడు స్టీలు సామాన్లవాడు వీధిలో కేక పెడతాడు. ఆరు చీరలకు ఒక గిన్నె అని వాడంటాడు, నాలుగే ఇస్తామని మనమంటాం. పాతది పారేసి కొత్తది కొనమనే మాట మన వంటింట్లో పుట్టింది కాదు.

అలాంటి ఇంటి పద్ధతితోనే బతికిన పడవ ఒకటి మన తెలుగు తీరాన వుండేదని చదివినప్పుడు చెప్పొద్దూ, నాకు సొంత చుట్టం కనిపించినట్టయింది. ఆ పడవకు మేకు లేదు, మర లేదు. చెక్కకూ చెక్కకూ కుట్టు వేసి కట్టిన పడవ! కుట్టు చివికిపోతే విప్పేసి, అవే చెక్కల్ని మళ్ళీ కుట్టుకునేవారు.

"ఓరుగల్లులో కూర్చుని పడవల మీద రాస్తావా? మనకు సముద్రం రెండు వందల యాభై కిలోమీటర్ల దూరం" అన్నారు మావారు పేపరు పక్కన పెట్టి. నిజమే, మాకున్నవన్నీ చెరువులు. పాఖాల, రామప్ప, లక్నవరం, ఊళ్ళో భద్రకాళి చెరువు. అయినా నీళ్ళలో తేలే ఇటుకలతో రామప్ప గుడికి శిఖరం కట్టిన సీమలో వున్నాం, తేలేవాటి గురించి మాట్లాడే హక్కు మనకు కాకపోతే ఎవరికి అన్నాను. ఆయన మళ్ళీ పేపరు తీసుకున్నారు.

ఆంగ్లేయులు ఆ పడవను మసూలా బోటు అన్నారు. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని కొందరు, కాదని కొందరు పండితులు ఇప్పటికీ తగువు పడుతూనే వున్నారు. మన జాలరులకు ఆ గొడవేమీ లేదు, వాళ్ళు దాన్ని ఉత్తి పడవ అన్నారు. చాలామటుకు మామిడి చెక్క. పలకల అంచుల వెంట వరసగా చిల్లులు వేసి, సందు మీద గడ్డో కొబ్బరి పీచో దట్టంగా పరిచి, దాని మీదుగా కొబ్బరి తాడుతో అడ్డంగా, ఐమూలగా కుట్టేవారు. లోపల ఒకడు, బయట ఒకడు కూర్చుని తాడు లాగి బిగించాలి. లోపల పక్కటెముకల్లాంటి బద్దలు కూడా వుండవు. పడవ మొత్తం కుట్టు మీదే నిలబడాలి.

ఇంత కష్టమెందుకు, నాలుగు మేకులు కొడితే పోయేదిగా అనిపిస్తుంది. పోయేది పడవే! మన తూర్పు తీరంలో చాలాచోట్ల ఒడ్డు దగ్గర సముద్రం లోతు వుండదు. అలలు దూరంగా లేచి, ఒకదాని వెనక ఒకటి విరిగి ఇసుక మీద పడతాయి. వాటి మధ్య నుంచి వచ్చే పడవ ఒడ్డు చేరేలోపల ఎన్నిసార్లు నేలకు కొట్టుకుంటుందో లెక్కలేదు. మేకులతో బిగించిన పడవైతే ఆ దెబ్బకు అతుకుల దగ్గర విచ్చిపోతుంది. కుట్టిన పడవ వంగుతుంది, సాగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. బిగుతు రవిక వేసుకుని చెయ్యెత్తితే చంక దగ్గర పిగిలిపోతుంది చూడండి. కాస్త వదులిచ్చి కుట్టింది చేతితోపాటే కదులుతుంది. ఆ కిటుకే ఇదీ. నీళ్ళు కారవా అంటే, కారతాయి. తోడిపోసేందుకు ఒక మనిషి వుండేవాడు.

కొబ్బరి తాడు ఎన్నాళ్ళుంటుంది? ఏడాదో, రెండేళ్ళో. ఆ తరవాత కుట్లు కోసేసి పడవను పలకలుగా విడదీసేవారు. పుచ్చిన పలక ఒక్కటి మార్చి, మిగిలినవి మళ్ళీ కుట్టేవారు. పేదవాడి లెక్కలో దీని అందం చూడండి. పడవలో ఖరీదైనది చెక్క, చవకైనది తాడు. మిగిలేది చెక్క, పోయేది తాడు. కొత్త పడవ కొనే స్తోమత లేని ఇంట్లో కూడా తాతనాటి పలకలు మనవడి చేతికి వచ్చేవి. మన మరచెంబులూ ఇత్తడి బిందెలూ వచ్చినట్టే. కళాయి పోతే పూయించుకోవటమే గాని, బిందె పారేసినవాళ్ళెవరు?

1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే ఆంగ్ల వర్తకుడు ఈ పడవను చూసి వివరంగా రాసి, బొమ్మ కూడా గీసి పెట్టాడు. అంతంత ఓడలు నడుపుకుని వచ్చినవాళ్ళు చివరి మైలు దూరం మన కుట్టుపడవ దయమీదే దాటాలి. చెన్నపట్నంలో 1870లలో ఓడరేవు పని మొదలయ్యేదాకా అదే తంతు. గవర్నరైనా, గవర్నరు భార్య అయినా ఓడ దిగి మసూలాలో కూర్చోవాల్సిందే. ఎవరైనా నీళ్ళలో పడితే పట్టి తెచ్చేందుకు తెప్పలు పక్కనే వచ్చేవి. ఆ దొరసానుల పెద్ద పెద్ద గౌనులు, ఉప్పునీళ్ళు, పడవలో నీళ్ళు తోడేవాడి చిరునవ్వు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఇసుక మీదికి కూడా పడవవాళ్ళే మోసుకొచ్చి దింపాలి మరి!

కుట్టిన ఓడంటే అందరికీ ఇంత గౌరవం లేదు. మార్కో పోలో హోర్ముజ్ రేవులో కొబ్బరి తాడుతో కుట్టిన ఓడలు చూసి, ఇవేం ఓడలు, ఇనుప మేకైనా లేదు, ఎక్కితే ప్రాణాలకు గండం అన్న ధోరణిలో రాశాడు. అదే మనిషి మన మోటుపల్లి దగ్గరికొచ్చేసరికి మెత్తబడ్డాడు. ముత్ఫిలి అని పేరు మార్చేశాడనుకోండి. అక్కడి సన్నని బట్ట సాలెగూడులా వుందని, ఆ రాజ్యాన్ని ఒక రాణి ఎంతో న్యాయంగా ఏలిందని మెచ్చుకున్నాడు. ఆవిడ మన రుద్రమదేవే. కాకపోతే గణపతిదేవుడి భార్య అనుకున్నాడు, పాపం! ఆవిడ కూతురు. పైగా 1289లోనే ఆవిడ పోయిందని చందుపట్ల శాసనం చెబుతోంది. మార్కో పోలో ఈ సముద్రంలో తిరుగు ప్రయాణం చేసింది ఆ తరవాతే. అంటే పోయిన తరవాత కూడా రేవుల్లో చెప్పుకునేంత పేరన్నమాట.

మోటుపల్లి మాట వచ్చింది కనక మావారి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ చెప్పాలి. ఓరుగల్లుకు సముద్రం దూరమే గాని, సముద్రానికి ఓరుగల్లు దూరం కాదు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. దాన్నే అభయశాసనం అంటారు. అప్పటిదాకా ఏ రాజ్యానికో పోయే ఓడ తుఫానుకు కొట్టుకొచ్చి మన ఒడ్డున పగిలితే, అందులో సరుకంతా రాజుగారిది. బంగారం, ఏనుగులు, గుర్రాలు ఏవైనా సరే, ముందటి రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళని శాసనమే ఒప్పుకుంటుంది. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళకు ధనం ప్రాణం కన్నా ఎక్కువ, వాళ్ళ సొమ్ము మాకొద్దు, సుంకం మాత్రం చాలు అన్నాడు గణపతిదేవుడు. ఆ సుంకం పేరు కూపశుల్కం, ముప్పైకి ఒకటి. సంస్కృతంలో కూపకమంటే తెరచాప కొయ్య అని కూడా ఒక అర్థం వుంది. గంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు అని సరుకుల పట్టీ కూడా చెక్కించారు. చదువుతుంటే పెళ్ళి సామాన్ల జాబితా చూసినట్టుంటుంది. నాకు మాత్రం అన్నిటికన్నా ఆ పగిలిన ఓడ మాటే నచ్చింది. పగిలిందాన్ని దోపిడీ సొమ్ముగా చూడకపోవటం ఒక మర్యాద.

పగిలినవాటికీ పాతబడినవాటికీ మన తీరంలో వైద్యం కూడా దొరికేది. ఇంగ్లీషు కంపెనీ తొలి రోజుల్లో 'గ్లోబ్' అనే ఓడ 1611లో మచిలీపట్నం వచ్చింది. అక్కడి నుంచి సయాం దాకా తిరిగి, మళ్ళీ మన వైపు వచ్చేసరికి అడుగు పాడైంది. వెచ్చటి సముద్రాల్లో ఓడపురుగు అనేది ఒకటుంటుంది, కొయ్యను లోపల్నుంచి జల్లెడ చేసేస్తుంది. 1614లో ఆ ఓడను నరసాపురం తీసుకొచ్చి అడుగు బాగుచేయించుకున్నారు. మరుసటి ఏడాది అది క్షేమంగా ఇంగ్లండు చేరింది. బౌరీ కాలానికి నరసాపురం, మాధవాయిపాలెం ప్రాంతం ఓడలు కట్టటానికీ బాగుచెయ్యటానికీ పెట్టింది పేరు. మంచి కలప, ఇనుము, చెయ్యి తిరిగిన వడ్రంగులు, పైగా చవక. లేసు అల్లికకు పేరుపొందిన నరసాపురమే మనకు తెలుసు గాని, దొరలు ఓడలు బాగుచేయించుకున్న నరసాపురం సంగతి ఏ పాఠంలోనూ నేను చదవలేదు. గోదావరి నోటి దగ్గర కోరంగి కూడా అలా వెలిగిన వూరే. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దాన్ని వూడ్చేసింది.

ఇక్కడి నుంచి నేరుగా 1963 ఇంగ్లండుకు వెళదాం. అంత దూకుడెందుకంటే, అక్కడ కూడా పడవను కుట్టటం మొదలెట్టారు కనక! తెరచాప పడవలో షికారు అంటే ఆ దేశంలో డబ్బున్నవాళ్ళ సరదా. 'డెయిలీ మిర్రర్' అనే పత్రిక, మామూలు సంసారులు సొంతంగా ఇంట్లోనే కట్టుకునే చిన్న పడవ ఒకటి తేవాలనుకుంది. జాక్ హోల్ట్ అనే పడవల శిల్పి, ఇంటి మరమ్మతులు టీవీలో నేర్పే బారీ బక్నెల్ కలిసి దాన్ని తయారుచేశారు. పదకొండడుగులకు ఒక రెండంగుళాలు తక్కువ. కత్తిరించిన ప్లైవుడ్ పలకలు డబ్బాలో వచ్చేవి, మన టైలరు దగ్గర కత్తిరింపు చేయించి ఇంట్లో కుట్టుకున్నట్టు. అంచుల్లో చిల్లులు వేసి రాగి తీగతో పలకలు కుట్టాలి. ఆ అతుకు మీద గాజునార పట్టీ పరిచి జిగురు పూస్తే బండలాగా బిగుసుకుంటుంది. పైకి పొడుచుకొచ్చిన తీగను కత్తిరించి పారెయ్యటమే. ఖరీదు 63 పౌండ్ల 11 షిల్లింగులు. ఎర్రటి తెరచాప. డెబ్బై వేలకు పైగా తయారయ్యాయి. కారు షెడ్డుల్లో, వసారాల్లో, భార్యలు విసుక్కుంటుండగా! వాళ్ళకు మన కుట్టుపడవ సంగతి తెలుసని నేననను. కొబ్బరి తాడు స్థానంలో రాగి తీగ వచ్చింది, చిల్లుకు చిల్లు అలాగే వుంది.

అదే జాక్ హోల్ట్ 1956లో 'ఎంటర్‌ప్రైజ్' అని ఇంకో పడవ గీశాడు. పదమూడు అడుగుల మూడంగుళాలు, ప్లైవుడ్, నీలం తెరచాపలు, ఇద్దరు నడిపేది. ఇది మన దేశానికీ బాగా పాకింది. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద సైనికుల ఈ.ఎం.ఈ. సెయిలింగ్ సంఘం చాలా ఏళ్ళుగా పడవలు నడుపుతోంది. 2009లో వచ్చిన యాట్ క్లబ్బు ఆఫ్ హైదరాబాదు, పేదింటి పిల్లల్ని కూడా నీళ్ళలోకి దింపి పోటీలకు తయారుచేస్తోంది. వింటే మనకు సంబంధం లేని ప్రపంచంలా వుంటుంది. నేనూ అలాగే అనుకున్నాను, మా అక్క ఫోన్ చేసేదాకా.

"వీడికి పిచ్చి పట్టిందే. నగానట్రా కొనుక్కోరా, పెళ్ళీడు వచ్చిందంటే, ముగ్గురు స్నేహితులు కలిసి చెక్కల పెట్టె కొన్నారు. రంగు పెచ్చులూడిపోయి, అడుగున ఇంతేసి చిల్లు!"

వెళ్ళి చూశాను. అక్క వాళ్ళ పెరట్లో, రెండు బల్లల మీద బోర్లించిన ముసలి ఎంటర్‌ప్రైజ్. పాత స్కూటరు ఖరీదుకు వచ్చిందట. మా అబ్బాయి దాని చుట్టూ తిరుగుతూ స్క్రూడ్రైవరు పిడితో కొడుతున్నాడు.

"ఏమిట్రా అది?"

"కుండ కొనేటప్పుడు నువ్వు చేసేదే పిన్నీ. బాగున్న చోట ఖంగుమంటుంది. పుచ్చిన చోట మొద్దు చప్పుడొస్తుంది. కొనేముందు కొట్టి చూశాం, నాలుగు చోట్ల మొద్దుగా వుంది. అందుకే బేరం తగ్గించాడు."

పాత పడవ కొనేటప్పుడు రంగు చూసి మోసపోకూడదట. కొత్త రంగు వేసి అమ్మేదాన్నే ఎక్కువ అనుమానించాలి. సముద్రపు నీటి కన్నా వాననీరు కొయ్యకు ఎక్కువ చేటు అని కూడా చెప్పాడు. ఉప్పులో ఊరిన మామిడికాయ ఏడాదంతా వుంటుంది, ఊరనిది నాలుగు రోజులకు బూజు పడుతుంది కదా అనుకున్నాను. పడవకు గాలి తగలకుండా టార్పాలిన్ కప్పేసి వదిలేస్తే వాననీళ్ళు మూలల్లో నిలిచి, ముందు వెనక పలకా, నీళ్ళలోకి దించే పలక వుండే అర దగ్గరా పుచ్చటం మొదలెడుతుంది.

నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతేమిటంటే మొదటి మూడు నెలలు ఏ పనీ చెయ్యలేదు. రంగు గీకేసి ఎండాకాలమంతా ఆరబెట్టారు. తడి కొయ్యకు జిగురు పట్టదు, రంగు వేస్తే పొక్కుతుంది. వడియాలు ఎండకుండా డబ్బాలో పోసినట్టే. ఆ తరవాత పుచ్చిన ముక్కలు కోసి, నీళ్ళకు తట్టుకునే ప్లైవుడ్ అతికి, తుప్పు పట్టిన మరలు తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి బిగించారు. ఖర్చు పుస్తకం రాసుకున్నారు కూడా. అసలు చావు తెరచాపల దగ్గర వచ్చింది. కొత్తవి కొనాలంటే పడవకు పెట్టిన దానికన్నా ఎక్కువ. ముగ్గురూ డీలా పడిపోయారు.

పాత తెరచాప పట్టుకుని చూసింది మా అక్క. "బట్ట బాగానే వుందిగా. దారమే పోయింది" అంది. నిజంగా అంతే! టెరిలిన్ బట్ట గట్టిది, ఎండకు ముందు చచ్చేది కుట్టులోని దారం. హాల్లో సోఫాలు జరిపేశారు. టీవీ దగ్గర్నుంచి వంటింటి గడప దాకా నీలం బట్ట పరుచుకుంది. అక్క తన పాత తొక్కుడు మిషను మీద పాలియెస్టరు దారంతో ప్రతి అతుకుకూ రెండేసి వరసలు కుట్టింది. అవతల బరువు పట్టుకుని కొడుకు మోకాళ్ళ మీద పాకుతున్నాడు. "ఇంత పెద్ద లంగా నా జన్మలో కుట్టలేదు" అంటూనే వారం రోజులు కూర్చుంది. ఆ వారం రోజులూ పెళ్ళి మాట ఎత్తలేదట.

వానలు వెలిసాక పడవ నీళ్ళలో పడింది. అర దగ్గర కాస్త కారింది, మళ్ళీ బయటికి లాగి పూడ్చారు. అక్కను ఎక్కమంటే ససేమిరా అంది. గట్టున నిలబడి కళ్ళకు చెయ్యడ్డం పెట్టుకుని చూస్తూ వుంది. కొడుకును కాదు, కుట్టును.

ఆడవాళ్ళు గట్టున నిలబడే రోజులు కూడా పోయాయి లెండి. 2017 సెప్టెంబరు 10న నౌకాదళం తెరచాప పడవ 'తారిణి'లో ఆరుగురు ఆడపిల్లలు గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్ళలో ఇద్దరు మనవాళ్ళు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి. చివరికొచ్చాక చుక్కాని యంత్రం మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుని మరీ వచ్చారు.

కుట్టుపడవ సంగతి ఏమైందంటారా? మన తీరంలో అలివి వలలు లాగటానికి చాలా కాలం అదే దిక్కు. తరవాత ఫైబరు పడవలు వచ్చాయి. 2004 సునామీ తరవాత సాయంగా వచ్చినవి చాలామటుకు అవే. వాటిని తిట్టే హక్కు నాకు లేదు. తేలిక, నీళ్ళు కారవు, ఏటేటా తాడు కొననక్కర్లేదు, రోజంతా నీళ్ళు తోడే మనిషి నడుముకు విశ్రాంతి. విప్పి మళ్ళీ కుట్టటం మాత్రం కుదరదు. పగిలితే అతుకు వెయ్యాలి, అతుక్కి లొంగకపోతే ఒడ్డున పడెయ్యాలి. అది మట్టిలో కూడా కలవదు. కుట్టే పని తగ్గాక కుట్టేవాళ్ళూ తగ్గారు. మొన్న 2025 మే నెలలో అజంతా చిత్రంలోని ఓడ నమూనాగా నౌకాదళం 'కౌండిన్య' అనే కుట్టు ఓడను తయారుచేయించి కార్వారులో దళంలో చేర్చుకున్నప్పుడు, ఆ కుట్టు పనికి కేరళ నుంచి పనివాళ్ళు రావలసివచ్చింది.

మీరెప్పుడైనా మచిలీపట్నం వైపో, భీమిలి వైపో వెళ్ళి, ఏ జాలరి ఇంటి దడికో చూరుకో ఆనించిన పాత పలక ఒకటి కనిపిస్తే దగ్గరికి వెళ్ళి చూడండి. అంచు పొడుగునా వరసగా, ఒకే ఎడంగా చిల్లులుంటే అది తలుపు చెక్క కాదు.